గబ్బిలాల సర్వీస్ రివ్యూ: వల కట్టినందుకు నాలుగు, నోటికొచ్చింది చెప్పినందుకు సున్నా

ఇంట్లో దూరిన గబ్బిలాలు మళ్ళీ రాకుండా వల కట్టే సర్వీస్ గురించి ఇది. ముందే చెప్పేస్తున్నా, ఐదుకి రెండున్నర స్టార్లు. పని బాగా చేశారు, వల గట్టిగా కట్టారు, నెల దాటినా ఒక్క గబ్బిలం తిరిగి రాలేదు. మరి కోత దేనికంటే, భయపడాల్సిన చోట వాళ్ళకి భయం లేదు, అక్కర్లేని చోట మాత్రం మమ్మల్ని భయపెట్టి బిల్లు వేశారు. రెండూ రేబిస్ విషయంలోనే. కంపెనీ పేరు రాయడం లేదు, రాసి గొడవ పెట్టుకునే ఓపిక నాకు లేదు. పైగా తర్వాత ఇంకో ఇద్దరు ముగ్గురు సర్వీస్ వాళ్ళని ఫోన్లో కదిలిస్తే అందరూ అదే పాట పాడారు, కాబట్టి మీరు ఎవరిని పిలిచినా కింద రాసింది పనికొస్తుంది.

మాది పద్మారావు నగర్‌లో పాత అపార్ట్‌మెంట్, మూడో అంతస్తు. వెనక బెడ్‌రూమ్ కిటికీ పక్కన ఏసీ పైపు గోడలోకి వెళ్ళే చోట, బిగించినవాళ్ళు కన్నం పెద్దది కొట్టి సిమెంటు పెట్టకుండా వెళ్ళిపోయారు. లోపలి వైపు కర్టెన్ రాడ్ మీద చెక్క పెట్టె ఉంటుంది కదా, దాని వెనక నుంచి సాయంత్రం ఆరున్నర ఏడు మధ్య కిచకిచమని చప్పుడు. మా అత్తయ్య ఎలుకలన్నారు, గమ్ ప్యాడ్ తెప్పించారు. నాకు అనుమానం వచ్చింది, ఎందుకంటే కిటికీ గట్టు మీద రాలిన పెంటికలు చూస్తే ఎలుకవిలాగే ఉన్నాయి కానీ ఒకదాన్ని కాగితం మీద పెట్టి అగ్గిపుల్లతో నొక్కితే పొడి పొడి అయిపోయింది, ఆ పొడిలో సన్నగా మెరిసే రేకులు, అంటే పురుగుల రెక్కల ముక్కలు. ఎలుక పెంటిక అలా పొడి కాదు, మెరవదు. సాయంత్రం కింద పార్కింగ్‌లో నిలబడి చూశాను, ఏడు కాకముందే కన్నంలోంచి ఒకటి, రెండు, మూడు... పదకొండు లెక్కపెట్టాను. పురుగులు తినే బుల్లి గబ్బిలాలు. చింతచెట్లకి వేలాడే పెద్దవి కావు, ఇవి రూపాయి బిళ్ళంత బరువు కూడా ఉంటాయో లేదో.

నిజానికి నాకు వాటి మీద కోపం లేదు, దోమల్ని తింటాయి. కానీ గబ్బిలాలు చేరితే ఇల్లు పాడుబడుతుందని అత్తయ్య మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు. శాంతి చేయిస్తే ఎంతవుతుందో కనుక్కున్నాక, దాని కంటే వల కట్టే సర్వీసే చవక అని తేలింది, ఆవిడే పిలవమన్నారు.

ఫోన్లో మాట్లాడినాయన వల కట్టి కన్నాలు మూయడానికి 4,500 అన్నాడు, బేరమాడితే నాలుగు వేలకి దిగాడు. దానితో పాటు "రేబిస్ శానిటైజేషన్" అని ఇంకో 1,800. అదేంటండీ అంటే, "మేడం, గబ్బిలం పెంటలో రేబిస్ వైరస్ ఉంటది, ఎండితే గాలిలో లేస్తది, ఇంట్ల పెద్దోళ్ళున్నరంటున్నరు కదా, రిస్క్ ఎందుకు?" అన్నాడు. నేను జూనియర్ కాలేజీలో జువాలజీ చెప్తాను. పెంటలో రేబిస్ ఉండదు బాబూ అని చెప్పబోతే మావారు పక్క నుంచి "ఇచ్చేద్దాంలే, టెన్షన్ ఎందుకు" అని సైగ చేశారు. సరే అన్నాను. ఆ 1,800 గురించి మళ్ళీ వస్తాను.

వచ్చింది ఇద్దరు. ఒకాయన సూపర్‌వైజర్, వచ్చినప్పటి నుంచీ ఫోన్లోనే. పని మొత్తం ఇరవై ఇరవై రెండేళ్ళ కుర్రాడు చేశాడు, నల్గొండ జిల్లా వాడట. నిజం చెప్పాలంటే వాడికి పని బాగా తెలుసు. టార్చ్ వేసి గోడ అంచు చూపించాడు, గబ్బిలాలు దూరే చోట ఒంటి జిడ్డు అంటుకుని గోధుమ రంగు మరక పడుతుందట, ఆ మరక ఉన్న కన్నమే అసలు దారి, మిగతావి ఉత్తవి. ముందు ఉత్త కన్నాలన్నీ మూశాడు. అసలు కన్నానికి మాత్రం సన్నటి వల పైన బిగించి కింది అంచు వదులుగా వేలాడదీశాడు, రాత్రి మేతకి బయటికి పోవచ్చు, తెల్లవారి తిరిగొస్తే లోపలికి దారి దొరకదు. మూడు రాత్రులయ్యాక వచ్చి అది కూడా మూసేస్తానన్నాడు. ఇంకో మాట కూడా అన్నాడు, "పిల్లలుంటే ఇప్పుడు కట్టొద్దు మేడం, తల్లి బయట, పిల్ల లోపల పడి సచ్చి వాసనొస్తది." లోపల టార్చ్ వేసి వెతికి, పిల్లలు లేవని చూసుకున్నాకే కట్టాడు. ఇది చాలామంది చేయరు. నాలుగు స్టార్లు ఇందుకే.

అంతా అయిపోయి చెక్క పెట్టె తిరిగి బిగిస్తుంటే దాని వెనక నుంచి ఒక గబ్బిలం టప్‌మని నేల మీద పడింది. మధ్యాహ్నం నాలుగు, పట్టపగలు. ఎగరలేదు. రెక్కల మణికట్ల మీద పాకుతూ మంచం కిందికి పోవాలని చూస్తోంది. అత్తయ్య కేక పెట్టారు. కుర్రాడు నవ్వుతూ వంగి, చేతికి కనీసం గుడ్డముక్క కూడా చుట్టుకోకుండా దాన్ని రెండు వేళ్ళతో పట్టుకున్నాడు. నేను "ఆగు, ఆగు" అనేలోపే అది మెడ తిప్పి బొటనవేలి మొదట్లో కరిచింది. వాడు బాల్కనీలోంచి విసిరేశాడు, అది కొంచెం కిందికి పడిపోయి తర్వాత ఎటో ఎగిరిపోయింది.

"ఏం కాదు మేడం, చీమ కుట్టినట్టుంది" అన్నాడు. చెయ్యి చూపించమన్నాను. మామూలుగా చూస్తే ఏమీ లేదు. ట్యూబ్‌లైట్ కింద పెట్టి, నా కళ్ళద్దాలు పైకి తీసి దగ్గరగా చూస్తే పక్కపక్కనే రెండు చుక్కలు, సూదిమొన గుచ్చినంత. ఒకదానిలోంచి రక్తం ఆవగింజలో సగమంత వచ్చి ఆగిపోయింది. అంతే. అర నిమిషం తర్వాత చూసి ఉంటే అది కూడా కనబడేది కాదు.

అప్పుడు సూపర్‌వైజర్ గారు ఫోన్ పక్కన పెట్టి వైద్యం మొదలుపెట్టారు. రక్తం రాలేదు కాబట్టి ఫర్వాలేదట. గబ్బిలం నోట్లో నురగ లేదు, ఎగిరిపోయింది, అంటే హుషారుగా ఉంది కాబట్టి రేబిస్ ఉండదట. ఎందుకైనా మంచిది కొంచెం సున్నం రాసి పది రోజులు చూద్దామట. పెంట నుంచి గాలిలో లేచి మా ఇంటిల్లిపాదినీ కాటేస్తుందన్న వైరస్, గబ్బిలం పళ్ళు దిగిన చోట మాత్రం సున్నానికి లొంగిపోతుందన్నమాట! నాకు ఒళ్ళు మండింది. ఆ మంటలోనే వాళ్ళకి పాఠం చెప్పాను, ఇక్కడ కొంచెం సాఫీగా రాస్తున్నాను.

రేబిస్ వైరస్ ఒంట్లో రక్తం వెంట తిరగదు. అందుకే రక్తం ఎంత కారిందన్న లెక్క దానికి పట్టదు. దాని దారి నరం. రోగం ఉన్న గబ్బిలం ఇంకో గబ్బిలాన్ని కరిచిందనుకోండి, ఒకదాని మీద ఒకటి ఎక్కి వేలాడే గుంపులో కాట్లాట మామూలే, లాలాజలంతో పాటు వైరస్ కండలో పడుతుంది. అక్కడ కొన్ని రోజులు, కొన్ని వారాలు ఊరికే కూర్చోవచ్చు, కొద్దిగా పెరగవచ్చు. కండకి నరం వచ్చి కలిసే చోటు ఒకటుంటుంది, మెదడు పంపిన కబురు కండకి అందే గుమ్మం అది. వైరస్ పైన ఉండే ముళ్ళ ప్రోటీన్ ఆ గుమ్మం దగ్గర ఉండే గ్రాహకాలకి, అంటే తగిలినదాన్ని పట్టుకునే కొక్కేల్లాంటి వాటికి, అతుక్కుని నరం కొసలోకి దూరుతుంది. ఒకసారి లోపల పడితే దానికి నడవాల్సిన పని లేదు, నరం తనకోసం నడుపుకునే బండి ఉంది. కొస నుంచి కణం నడిబొడ్డుకి సరుకు మోసే ఏర్పాటు ప్రతి నరంలోనూ ఉంటుంది, వైరస్ ఆ బండెక్కి వెనక్కి పోతుంది. రోజుకి 50 నుంచి 100 మిల్లీమీటర్ల దాకా పోగలదు. మన సిటీలో టికెట్ లేకుండా బస్సెక్కినట్టు, తేడా ఏంటంటే దీన్ని చెకింగ్ వాళ్ళు కూడా పట్టుకోరు. నరంలో ఉన్నంతసేపు ఒంట్లో రోగనిరోధక వ్యవస్థకి అది దాదాపు కనబడదు.

ఇక్కడ ఒక తెలివైన స్టూడెంట్ ప్రతి బ్యాచ్‌లోనూ అడుగుతాడు, గబ్బిలం ఉండేదే బొటనవేలంత కదా మేడం, మరి ఒక్క రోజులో మెదడు చేరిపోవాలి కదా అని. మంచి ప్రశ్న. దూరం ఒక్కటే లెక్క కాదు. కాటు దగ్గర ఆగే సమయం ఉంది, ఎంత వైరస్ పడిందన్నది ఉంది, ఇంకా గబ్బిలం ఒంటి వేడి ఉంది. ఎగిరేటప్పుడు దాని ఒళ్ళు కాలిపోతుంటుంది, పడుకున్నప్పుడు వేడి బాగా దిగిపోతుంది. మంచు కురిసే దేశాల్లో కొన్ని రకాల గబ్బిలాలు చలికాలమంతా ఒళ్ళు చల్లబరుచుకుని నిద్రపోతాయి, గుండె కూడా నెమ్మదిస్తుంది. ఆ చల్లటి ఒంట్లో వైరస్ కూడా నెమ్మదిస్తుంది. చలికాలం ముందు పడిన కాటు, వేడెక్కిన తర్వాత నెలలకి బయటపడవచ్చు. గబ్బిలం చావకుండా వైరస్ కూడా చావకుండా చలికాలం దాటేయడానికి ఇంతకంటే మంచి ఏర్పాటు ఏముంటుంది? మన హైదరాబాద్‌లో ఆ నిద్ర అవసరం రాదు గానీ, గబ్బిలాల్లో రోగం పొదిగే కాలం వారాల నుంచి నెలల దాకా ఎందుకు సాగుతుందో దీన్ని బట్టి అర్థమవుతుంది.

నరం వెంట వెన్నుపాముకి, అక్కడి నుంచి మెదడుకి. మెదడులో ఒక నరకణం నుంచి ఇంకో నరకణానికి అతుకుల మీదుగా దూకుతూ విపరీతంగా పెరుగుతుంది. అసలు కథ ఇక్కడితో అయిపోయిందని చాలామంది అనుకుంటారు. కాదు, ఇక్కడే సగం. మెదడు నిండాక అదే నరాల వెంట మళ్ళీ బయటికి, ఒళ్ళంతా వ్యాపిస్తుంది. లాలాజల గ్రంథులు, నాలుక, గుండె, ఊపిరితిత్తులు, మూత్రపిండాలు, పేగుల గోడల్లో ఉండే నరాలు, చివరికి చర్మంలో వెంట్రుకల మొదళ్ళ చుట్టూ ఉండే నరాల కొసలు కూడా. గబ్బిలంలో ఇంకో విచిత్రమైన చోటుంది, రెండు భుజాల మధ్య వీపు మీద గోధుమ రంగు కొవ్వు ముద్ద. చల్లబడిన ఒంటిని తిరిగి వేడెక్కించే పొయ్యి అది, దాని నిండా నరాలు. 1959లో అమెరికా శాస్త్రవేత్తలు పురుగులు తినే గబ్బిలాల్లో ఈ కొవ్వులో రేబిస్ వైరస్ ఉండటం చూపించారు, చలినిద్రలో వైరస్ ఇక్కడే దాక్కుంటుందేమో అనుకున్నారు. అది దాక్కునే గది అన్న మాట ఆ తర్వాత అంతగా నిలవలేదు, మెదడు నుంచి నరాల వెంట దిగినప్పుడు అన్ని చోట్లకీ చేరినట్టే అక్కడికీ చేరుతుందని ఎక్కువమంది చెప్తారు. నాకైతే ఆ పొయ్యి ఊహే ఇష్టం. ఇష్టాన్ని బట్టి సైన్స్ మారదు, అది వేరే సంగతి.

ఇన్ని చోట్లకి చేరినా ఇంకో ప్రాణికి అంటించడానికి పనికొచ్చే చోటు దాదాపు ఒక్కటే, లాలాజల గ్రంథి. మిగతా చోట్ల ఎక్కువగా నరాల్లోనే చిక్కుకుపోతుంది, ఈ గ్రంథిలో మాత్రం నరం దాటి గ్రంథి కణాల్లోకి దూరి, అక్కడ గుంపులు గుంపులుగా పెరిగి ఉమ్మిలోకి దిగుతుంది. సూపర్‌వైజర్ గారి రెండో పాయింట్ ఇక్కడే పడిపోతుంది. గబ్బిలం పైకి జబ్బుగా కనబడటానికి కొన్ని రోజుల ముందు నుంచే ఉమ్మిలో వైరస్ ఉండవచ్చు. నురగ కక్కుతూ మీదికి దూకే పిచ్చికుక్క బొమ్మ మన బుర్రల్లో ఉండిపోయింది గానీ, గబ్బిలం అలా నాటకమాడదు. ఎక్కువగా నీరసపడుతుంది, రెక్కలు సరిగ్గా ఆడవు, పగటి పూట బయటికొచ్చి నేల మీద పడి ఉంటుంది, చేతికి సులువుగా దొరుకుతుంది. మా బెడ్‌రూమ్‌లో కనబడింది ఏంటి మరి? పగలు నాలుగింటికి, నేల మీద, చేతికి దొరికిన గబ్బిలం. పెట్టె కదిపితే నిద్ర చెదిరి పడి ఉండవచ్చు, దానికి జబ్బే ఉందని నేననడం లేదు. ఆరోగ్యంగా ఉందని ఆయన ఎలా అన్నాడన్నదే నా ప్రశ్న.

పది రోజులు చూద్దామన్న మాట కుక్కకి, పిల్లికి చెల్లుతుంది, అది కూడా కరిచిన జంతువు మన కళ్ళ ముందు కట్టేసి ఉంటేనే, అప్పుడు కూడా వ్యాక్సిన్ మొదలుపెట్టేసి చూడాలి. ఎగిరిపోయిన గబ్బిలాన్ని ఎక్కడ కూర్చుని చూస్తారు? పది రోజుల్లో చూసేది కుర్రాణ్ణే అయితే, వాడిలో లక్షణం కనబడితే ఇక చేయడానికి ఏమీ మిగలదు.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. రేబిస్ వైరస్ సొంతంగా గబ్బిలాల్లో తిరిగేది ఉత్తర, దక్షిణ అమెరికా ఖండాల్లో. మన వైపు, యూరప్‌లో, ఆఫ్రికాలో, ఆస్ట్రేలియాలో గబ్బిలాల్లో దొరికేవి దాని దాయాదులు, అదే కుటుంబంలో వేరే వైరస్‌లు. ఆస్ట్రేలియాలో అలాంటిదొకటి 1996లో బయటపడింది, శ్రీలంకలో మన దగ్గర కూడా ఉండే పెద్ద పండ్ల గబ్బిలాల్లోనే గన్నోరువా అనే ఇంకోటి దొరికింది. మన దేశంలో నాగాలాండ్ గబ్బిలాల రక్తంలో ఈ రకం వైరస్‌లకి ఎదురుగా తయారైన యాంటీబాడీలు కనబడ్డాయి. యాంటీబాడీ ఉందంటే ఎప్పుడో తగిలింది, తట్టుకుని బతికింది అని. అవును, గబ్బిలాల్లో కొన్ని అలా తట్టుకుంటాయి, వైరస్ ఒంట్లో పడిన ప్రతిదీ చావదు. అమెరికాలో కూడా ఊరికే పట్టి పరీక్ష చేసిన గబ్బిలాల్లో నూటికి ఒకటి కూడా రేబిస్ తేలదు. మనుషులకి వచ్చే రేబిస్‌లో ప్రపంచం మొత్తం మీద 99 శాతం దాకా కుక్కల నుంచే, మన గల్లీల్లో అయితే చెప్పనక్కర్లేదు. కాబట్టి కుర్రాడికి ప్రమాదం చాలా తక్కువ, నిజమే. కానీ వస్తే చావు ఖాయమయ్యే జబ్బులో "చాలా తక్కువ" అని సున్నం రాసి ఊరుకోలేం కదా.

సున్నం సంగతి కూడా చెప్పేస్తాను. సున్నం, పసుపు, కారం, ఏదీ పెట్టకూడదు. వాణ్ణి వాష్‌బేసిన్ దగ్గర నిలబెట్టి కుళాయి తిప్పి, బట్టల సబ్బుతో పదిహేను నిమిషాలు గడియారం చూసి కడిగించాను. ఈ వైరస్‌కి పైన కొవ్వు పొర ఉంటుంది, సబ్బుకి అది చెదిరిపోతుంది, నరంలోకి ఎక్కకముందు దాన్ని చంపడానికి అంత చవకైన మందు ఇంకోటి లేదు. నాలుగో నిమిషానికే వాడు "అయిపోయింది కదా మేడం" అన్నాడు. ట్యాంకులో నీళ్ళు అయిపోతాయని అత్తయ్య గొణిగారు. పదిహేను అయ్యాకే వదిలాను.

కుక్క కరిచిందంటే హైదరాబాద్‌లో ఎవరినడిగినా రెండు పేర్లే చెప్తారు, నల్లకుంట ఫీవర్ హాస్పిటల్, నారాయణగూడ ఐపీఎం (ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్). సూపర్‌వైజర్ "ఇంకో సైట్ ఉంది" అని వెళ్ళిపోతే మావారే స్కూటీ మీద కుర్రాణ్ణి తీసుకెళ్ళారు, వెనక ఆటోలో నేను. లైన్లో ఉన్నవాళ్ళందరూ కుక్క కాట్లే, వీడొక్కడే గబ్బిలం. డాక్టరమ్మ ముందు ఆశ్చర్యపోయి తర్వాత అడిగిన మొదటి ప్రశ్న, "గబ్బిలం ఏదీ?" దొరికి ఉంటే మెదడు తీసి ల్యాబ్‌లో పరీక్ష చేయించవచ్చు. అందుకే ఇలాంటప్పుడు దాన్ని వదిలేయకూడదు, చెప్పుతో తల మీద కొట్టి చంపకూడదు కూడా, తల చితికితే పరీక్షకి ఏమీ మిగలదు. చేత్తో ముట్టకుండా డబ్బా బోర్లించి, కింద నుంచి అట్ట దూర్చి మూసేయాలి. మాది అప్పటికే ఎగిరిపోయింది.

మన దగ్గర గబ్బిలం నుంచి మనిషికి రేబిస్ వచ్చినట్టు గట్టిగా రుజువు కాలేదని ఆవిడ చెప్పారు, ప్రపంచ ఆరోగ్య సంస్థ మాత్రం గబ్బిలంతో నేరుగా తగిలితే మూడో కేటగిరీగా, అంటే లోతైన కుక్క కాటుతో సమానంగా చూడమంటుందని కూడా చెప్పారు. "పగలు కింద పడిందన్నారు, జంతువు చేతిలో లేదు, చర్మం చిల్లు పడింది, నేనైతే ఇచ్చేస్తాను" అన్నారు. గాయం చుట్టూ సీరం, అంటే రెడీమేడ్ యాంటీబాడీల మందు, గుచ్చారు, వేలి దగ్గర కాబట్టి వాడు ఆ ఒక్కదానికే కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. వ్యాక్సిన్ రెండు భుజాల మీద చెరోచోట చర్మంలో 0.1 మిల్లీలీటరు, మళ్ళీ 3, 7, 28 రోజులకి రమ్మన్నారు. వాడి మొహం చూడాలి, "బొడ్డు చుట్టూ పద్నాలుగు కాదా మేడం?" అని. ఆ పాత గొర్రె మెదడు వ్యాక్సిన్ మన దేశంలో ఆగిపోయి ఇరవై ఏళ్ళు దాటింది, భయం మాత్రం ఇంకా నడుస్తూనే ఉంది. దానికి భయపడే చాలామంది హాస్పిటల్‌కి పోరు.

ఇప్పుడు ఆ 1,800 సంగతి. రేబిస్ వైరస్ గబ్బిలం పెంటలో, మూత్రంలో, రక్తంలో ఉండి మనకి అంటుకునే రకం కాదు, పైన చెప్పాను కదా, దాని బయటి దారి ఉమ్మి. ఎండితే, ఎండ తగిలితే తొందరగా చచ్చిపోతుంది. గాలి ద్వారా అంటడం అన్నది పూర్తిగా కట్టుకథ కాదు, అమెరికాలో టెక్సస్‌లో ఫ్రియో గుహ అని ఒకటుంది, లక్షల కొద్దీ గబ్బిలాలుండే చోటు. 1960ల్లో అక్కడ జంతువుల్ని ఏదీ కరవడానికి వీల్లేని బోన్లలో పెట్టి చూస్తే కొన్నిటికి రేబిస్ వచ్చింది. అయితే అది గాలి ఆడని గుహ, లక్షల గబ్బిలాలు. మాది పద్మారావు నగర్, పదకొండు గబ్బిలాలు, పైగా సీలింగ్ ఫ్యాను. గోల్కొండ కోట చీకటి గదుల్లో ముక్కు మూసుకుని నడిచిన ప్రతివాడికీ రేబిస్ రావాలి ఈ లెక్కన.

పెంటతో అసలు ప్రమాదం వేరే. ఎండిన గుట్టల్లో హిస్టోప్లాస్మా అనే బూజు పెరగవచ్చు, దాని దుమ్ము పీలిస్తే ఊపిరితిత్తులకి వస్తుంది. దానికి చేయాల్సింది ముందు నీళ్ళు చల్లి తడిపి, మాస్క్ పెట్టుకుని, తడిగా ఎత్తేయడం. వీళ్ళు చేసిందేంటంటే పొడి చీపురుతో బరబరా ఊడ్చి, గదంతా దుమ్ము లేపి, తర్వాత నిమ్మకాయ వాసనొచ్చే ఏదో స్ప్రే కొట్టారు. లేని జబ్బుకి డబ్బు తీసుకుని, ఉండే అవకాశమున్న జబ్బుని గాల్లోకి లేపారు.

మర్నాడు ఆ సర్వీస్ ఓనర్‌కి ఫోన్ చేశాను. అరుపులేం లేవు, మర్యాదగానే మాట్లాడాడు. 1,800 వెనక్కి అడిగితే 500 తగ్గిస్తా అన్నాడు, చివరికి 1,000 ఇచ్చాడు. కుర్రాడి సంగతి అడిగితే "వాడు కొత్తోడు మేడం, గ్లౌజులు వేసుకొమ్మంటే వేసుకోడు" అన్నాడు. గ్లౌజులు ఎక్కడున్నాయని అడిగాను, బండిలో అన్నాడు. కుర్రాణ్ణి అడిగితే ఆ బండిలో వల, సిలికాన్ గొట్టాలు, నిచ్చెన తప్ప వేరే ఏవీ తానెప్పుడూ చూడలేదన్నాడు. హాస్పిటల్‌కి పోయిన రోజులకి కూలీ కట్ చేశారట, అది కూడా తర్వాత వాడు చెప్తేనే తెలిసింది. నాకు స్టార్లు తగ్గించాలనిపించింది గబ్బిలం కరిచినప్పుడు కాదు, ఈ మాట విన్నప్పుడు.

మూడు రాత్రుల తర్వాత చివరి కన్నం మూయడానికి వాడే వచ్చాడు, భుజం నొప్పిగా ఉందంటూనే. ఆ ముందు సాయంత్రం నేను కింద నిలబడి చూశాను, గబ్బిలాలు రెండు మూడు గోడ చుట్టూ తిరిగి, వల మీద ఒకసారి వాలి, దారి దొరక్క ఎదురు బిల్డింగ్ వాటర్ ట్యాంకు వైపు వెళ్ళిపోయాయి. ఆ బిల్డింగ్ వాళ్ళకి ఇంకా తెలియదు, నేనూ చెప్పలేదు.

మీకు గబ్బిలాల పని పడితే వల వరకు ఈ తరహా సర్వీస్‌ని పిలవండి, శానిటైజేషన్ వద్దని ముందే చెప్పేయండి, పనివాడి చేతికి మందపాటి తోలు గ్లౌజులు లేకపోతే గుమ్మం దగ్గరే ఆపేయండి. మా కుర్రాడికి 28వ రోజు ఇంజెక్షన్ మొన్న మంగళవారం అయింది, కార్డు ఫొటో వాట్సాప్‌లో పెట్టాడు. రాణిగంజ్‌లో నేను కొని వాడికిచ్చిన గ్లౌజులు ఫొటోలో పక్కనే ఉన్నాయి, ఇంకా అట్ట లేబుల్ కూడా తీయలేదు.